వెనక ఇరుసు హిసాబ్

మన ఇళ్లలో బండి కొనేటప్పుడు ఇంజన్ గురించి అడుగుతారు, మైలేజీ ఎంతంటారు, ఏసీ ఉందా అంటారు. వెనక ఇరుసులో ఎన్ని పళ్ల గేర్లున్నాయని అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు. బండి జోరు, లాగే తాకత్, డీజిల్ ఖర్చు అన్నీ చివరికి ఆ ఇనుప గుండ్రటి డబ్బాలోనే తేలతాయి. మెకానిక్కులు దాన్ని హౌసింగ్ అంటారు. మా ఖాందాన్‌లో పోయిన వానాకాలం నెల రోజులు దాని మీదే బహస్ నడిచింది.

అబ్బా ఇంతెకాల్ తర్వాత మాకు మిగిలిన జాయిదాద్‌లో ఒకటి ఆయన పాత మహీంద్రా జీపు. డీజిల్ ఇంజన్, వెనక చక్రాలకే పవర్. హిందూపురంలో అమ్మీ, తమ్ముడు ఉంటారు. తమ్ముడి రోజీరోటీ ఆ జీపు మీదే. పల్లెల్లో రైతుల దగ్గర పట్టుగూళ్లు ఎత్తుకుని హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు వేస్తాడు. గూళ్లు ఆలస్యమైతే వేడెక్కి పాడవుతాయి, ధర పడిపోతుంది. తిరుగు బాడుగ దొరికితే చింతపండు మూటలు కూడా వేసుకుంటాడు. చిన్న చెల్లెల్ని ధర్మవరంలో ఇచ్చాం, వాళ్లది మగ్గాల ఇల్లు. నేను పెనుకొండలో ఉంటాను, బడిలో లెక్కలు చెప్తాను. అమ్మీ ధర్మవరం పోవాలన్నా, చెల్లెలు కాన్పుకు పుట్టింటికి రావాలన్నా ఆ జీపే.

జూలైలో వెనక నుంచి ఊళ మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే కూత, వదిలితే ఇంకో రకం కూత. ఉస్తాద్ హౌసింగ్ విప్పి చూపించాడు. పినియన్ పన్ను ఒకటి విరిగింది, క్రౌన్ పళ్లు అరిగాయి. సెట్టు మొత్తం మార్చాలి. పైసలు నా చిట్టీలోవి. నా బేటీ కాలేజీ ఫీజుకని జమ చేసినవి. అందుకే ఈ హిసాబ్ నేనే వేయాల్సి వచ్చింది.

తమ్ముడికి రెండు ఖ్వాయిషులు. ఒకటి, జీపు హైవే మీద పరుగెత్తాలి. సోమందేపల్లి దాటాక 44వ నంబరు హైవే మీద కియా ఫ్యాక్టరీ నుంచి వచ్చే కొత్త బండ్లు తనను దాటిపోతుంటే వాడికి మనసు ఆగదు. రెండోది, బురదలో ఇరుక్కోకూడదు. "ఆపా, డిఫరెన్షియల్‌కు వెల్డింగ్ మార్ దేంగే. సస్తే మే హో జాతా" అన్నాడు.

ముందు పళ్ల సంగతి. ఇంజన్ నుంచి వచ్చే షాఫ్ట్ చివర చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద చక్రం క్రౌన్. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే రేషియో. పాత జీపుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు: 43కు 8, అంటే 5.38, 39కి 8, అంటే 4.88. మాది 5.38. తమ్ముడు ఎక్కడో విని 41కి 10 కావాలన్నాడు. అంటే 4.10.

నేను చాక్‌పీసు తీసుకుని టైరు మీద, నేల మీద గీత పెట్టాను. సామాన్లతో ఉన్న జీపును గీత మళ్లీ నేలకు తగిలేదాకా నెట్టించి టేపు పట్టాను. 2.2 మీటర్లు వచ్చింది. కిలోమీటరుకు చక్రం సుమారు 455 చుట్లు. గంటకు 60 అంటే నిమిషానికి ఒక కిలోమీటరే కాబట్టి నిమిషానికి 455 చుట్లు. దాన్ని రేషియోతో గుణిస్తే టాప్ గేరులో ఇంజన్ చుట్లు తెలిసిపోతాయి. 5.38తో 2440, 4.88తో 2220, 4.10తో 1860. అదే 80 వేగంలో 3260, 2955, 2485. మా ఇంజన్ 2000 దగ్గర హాయిగా లాగుతుంది, 3000 దాటితే అరుపే తప్ప ఫాయిదా లేదు. మీ బండికి కూడా ఈ లెక్క ఇంటి ముందే వేసుకోవచ్చు, చాక్‌పీసు ఒక్కటి చాలు. టాప్ గేరు నేరుగా ఒకటికి ఒకటి కాకపోతే ఆ అంకెతో కూడా గుణించండి.

చూడగానే 4.10 బాగుందనిపిస్తుంది. అయితే ఇరుసులో ముఫ్త్‌గా ఏదీ రాదు. ఇంజన్ చుట్లు ఎంత తగ్గితే చక్రం దగ్గర లాగే బలం కూడా అంతే తగ్గుతుంది. 5.38 నుంచి 4.88కు వస్తే నూటికి 9 వంతులు పోతుంది. 4.10కి వస్తే 24 వంతులు. గూళ్లు తేలిక, వాటికి పర్వాలేదు. చింతపండు మూటలు వేసుకుని ఎగువలో ఆగి మళ్లీ కదలాలంటే? క్లచ్ కాల్చుకుంటూ కదలాలి. నేను ఈ లెక్క చెప్తుంటే అమ్మీ మధ్యలో ఒకే మాట అడిగింది. "ఇత్తా జల్దీ కైకు రే? బ్రేకాఁ భీ ఉత్తాచ్ జల్దీ లగ్‌తే క్యా?" తమ్ముడు ఖామోష్. జీపుకు నాలుగు పక్కలా పాత డ్రమ్ బ్రేకులే. గేరు మారిస్తే వేగం పెరుగుతుంది, బ్రేకులు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి.

ఇక వెల్డింగ్ సంగతి. డిఫరెన్షియల్ అంటే ఏమిటో అమ్మీకి ఇలా చెప్పాను. కళ్లంలో ఎద్దుల్ని జోడించి గుంజ చుట్టూ తిప్పుతారు కదా. లోపలి ఎద్దు ఉన్నచోటే అడుగులు వేస్తుంది, బయటి ఎద్దు పెద్ద చుట్టు నడుస్తుంది. రెండూ సమానంగా నడవాలని పట్టుబడితే ఏదో ఒకటి కాళ్లీడుస్తుంది. మలుపులో జీపు వెనక చక్రాలూ అంతే. మా జీపు రెండు చక్రాల మధ్య నాలుగు అడుగులు. ఒక సందు మలుపు తిరిగితే బయటి చక్రం లోపలిదానికన్నా దాదాపు రెండు మీటర్లు ఎక్కువ నడుస్తుంది, అంటే ఒక చుట్టుకు కాస్త తక్కువ. ఆ తేడాను సర్దేవి క్రౌన్ లోపలుండే చిన్న స్టార్ గేర్లు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట పారిస్‌లో పెక్యూర్ అనే ఘడియారాల కారీగర్ తన ఆవిరి బండి కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

ఆ స్టార్ గేర్లను వెల్డింగ్ చేస్తే రెండు చక్రాలూ ఒకే కర్రకు కట్టినట్టు తిరుగుతాయి. బురదలో మంచిదే. తారు రోడ్డు మీద ప్రతి మలుపులో ఒక టైరు ఈడ్చుకుంటుంది. టైర్లు అరుగుతాయి, యాక్సిల్ షాఫ్ట్ మెలిపడి ఏదో ఒకరోజు విరుగుతుంది. స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోవాలని చూస్తుంది. వాన పడ్డ రోడ్డు మీద కడుపుతో ఉన్న చెల్లెల్ని ఎక్కించుకుని అలాంటి బండిలో మలుపు తిరగడం నాకు మంజూర్ కాదని చెప్పేశాను.

వాడి తక్లీఫ్ కూడా అబద్ధం కాదు. మామూలు డిఫరెన్షియల్‌కు ఒక గుణం ఉంది, రెండు చక్రాలకూ బలాన్ని బరాబర్ పంచుతుంది. ఒకటి బురదలో ఉంటే దానికెంత తక్కువ చాలునో, గట్టి నేల మీదున్న దానికీ అంతే ఇస్తుంది. అందుకే ఒకటి గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు. దీనికి మంచి ఇలాజ్ ఉంది. ఒక చక్రం మరీ జారినప్పుడు తనంతట తానే లాక్ అయ్యే రకం వస్తుంది, మహీంద్రా థార్‌లో కొన్ని మోడళ్లకు అది ఇచ్చారు. మా పాత ఇరుసుకు అది వెతికి బిగించాలంటే బేటీ ఫీజు మొత్తం అందులోకే పోతుంది.

చివరికి 4.88, మామూలు డిఫరెన్షియల్, వెనక కొత్త టైర్లు రెండు. వీధిలో కుర్రాళ్లు నవ్వారు, ఈ జమానాలో వెనక ఇరుసేమిటని. సెల్టోస్, సోనెట్ లాంటివి ముందు చక్రాలతో నడిచేవి. వాటి డిఫరెన్షియల్ గేర్‌బాక్సులోనే ఉంటుంది, లేకుండా పోలేదు.

మీలో ఎవరికైనా ఈ పని పడితే నాలుగు మాటలు గుర్తుంచుకోండి. క్రౌన్, పినియన్ ఒక జోడీగా అరగదీసి తయారుచేస్తారు, ఒకదాని పినియన్‌కు ఇంకోదాని క్రౌన్‌తో నికాహ్ చేయకండి. బిగించేటప్పుడు పళ్లకు రంగు పూసి ఎక్కడ ఆనుతున్నాయో చూపించమని అడగండి, మంచి ఉస్తాద్ దానికి నారాజ్ అవడు. నాలుగు చక్రాలకూ పవరున్న బండైతే ముందు ఇరుసుకూ అదే రేషియో వేయాలి. స్పీడోమీటర్ గేరు కూడా మార్పించండి. మా జీపులో మార్చేదాకా అసలు వేగం 60 అయితే ముల్లు 54 దగ్గరే ఉండేది, అది ఖతర్‌నాక్.

తమ్ముడు సెప్టెంబరులో ఒక చెరువు కట్ట దగ్గర ఇరుక్కున్నాడు. ఫుట్ బ్రేకు కొంచెం నొక్కిపట్టి యాక్సిలరేటర్ ఇస్తే గిర్రున తిరిగే చక్రం ఆగి రెండోదానికీ బలం వెళ్తుందని చెప్పాను. అది చేసినా రాలేదు, ట్రాక్టర్‌తో లాగించాడు. ఆ బాడుగ నాకే ఫోన్‌లో లెక్క చెప్పాడు. ఇచ్చాను. ఫీజు కూడా కట్టాను. చెల్లెలు ధర్మవరం నుంచి అదే జీపులో వచ్చింది, దారంతా నిద్రపోయిందట.