ముప్పై ఐదవ వంతు సత్యము

తెలుగు పాఠము చెప్పే ఉపన్యాసకుని వేళ్లకు సిరా మరక ఉంటే ఎవరూ ఆశ్చర్యపడరు. ప్లాస్టిక్ జిగురు మరక ఉంటే మాత్రము తప్పక ఆశ్చర్యపడతారు. గడచిన విద్యా సంవత్సరములో దాదాపు ఆరు నెలలు మా వేళ్లను ఆ మరక విడువలేదు. "సార్, మీరు ట్యాంకు తయారు చేస్తున్నారట గదా!" అని విద్యార్థులు నవ్వుతూ అడిగారు. "పద్యము చెప్పే నోటికీ, యుద్ధపు బొమ్మ చేసే చేతికీ పొత్తు ఎట్లా కుదిరిందండీ?" అని స్టాఫు రూములో సహోద్యోగులు అడిగారు. అందరికీ విడివిడిగా సమాధానము చెప్పలేక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆ బొమ్మ మాది కాదు. మా పెద్ద మేనమామగారిది. ఆయనను మేము చిన్ననాటి నుండి బడే మామూ అని పిలుస్తాము. 1963లో ఆయన సైన్యపు యంత్ర విభాగములో చేరి, సికిందరాబాదు తిరుమలగిరిలో శిక్షణ పొంది, ఇరవై యేళ్లకు పైగా ట్యాంకులకు మరమ్మతులు చేశారు. ఆయన పెద్ద కుమారుడు గల్ఫ్ నుండి 1989లో సెలవుకు వస్తూ, తండ్రికి ఇష్టమవుతుందని ఒక అట్టపెట్టె తెచ్చాడు. పెట్టె మీద సెంచూరియన్ ట్యాంకు బొమ్మ. లోపల ముక్కలు ముక్కలుగా ప్లాస్టిక్ భాగాలు. మామూ ఆ పెట్టెను రెండు చేతులా అందుకొని, బాగున్నదని చెప్పి, అల్మారా పైన పెట్టారు. మూడు దశాబ్దాలు దాటినా దాని మూత తీయలేదు. ఈలోగా నీటికాసులు వచ్చి ఆయన చూపు పూర్తిగా పోయింది. ఇల్లు సున్నము వేయించే రోజులలో ఆ పెట్టె మా చేతికి వచ్చింది. "నువ్వే చేయి బేటా, నాకెందుకు?" అన్నారు.

సెంచూరియన్ చరిత్ర కొంత చెప్పుట అవసరము. రెండవ ప్రపంచ యుద్ధపు చివరి రోజులలో బ్రిటన్ దీనిని రూపొందించింది. తొలి నమూనాలు 1945 మే నెలలో ఐరోపా చేరేసరికి అక్కడి యుద్ధము ముగిసింది. ఆ యుద్ధములో తుపాకి పేల్చని ఈ ట్యాంకు తరువాత కొరియాలో, పశ్చిమాసియాలో, మన దేశపు 1965, 1971 యుద్ధాలలో పోరాడింది. బరువు సుమారు 50 టన్నులు. విమానాలకు వాడిన మెర్లిన్ ఇంజను నుండి పుట్టిన మీటియర్ ఇంజను దానిని లాగేది. లోపల నలుగురు కూర్చుంటారు: నాయకుడు, గురి చూచేవాడు, గుండు అందించేవాడు, నడిపేవాడు.

మా పెట్టెలోని బొమ్మ దీనికి ముప్పై ఐదవ వంతు. ఈ ముప్పై ఐదు అనే అంకె ఎక్కడిదా అని మేము కొంత శోధించాము. 1960ల తొలి సంవత్సరాలలో జపానులోని తమియా సంస్థ మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు బొమ్మను తయారు చేసింది. లోపల బ్యాటరీలు పట్టవలెను గనుక, వాటికి తగినట్లు బొమ్మ పరిమాణము నిర్ణయించారు. పిదప కొలిచి చూస్తే అది అసలులో ముప్పై ఐదవ వంతుగా తేలింది. ప్రపంచమంతటా ఔత్సాహికులు ప్రమాణముగా భావించే ఆ కొలత శాస్త్రము నుండి గాక బ్యాటరీ నుండి పుట్టినదన్నమాట! ఛందస్సులో గణము కోసము వేసిన పదము కాలక్రమాన నిఘంటువులో చేరినట్లున్నది గదా!

పాత కిట్ల లోపాలలో చాలా వాటికి మూలము ఇదే. అవి అలమారాలో నిలిచేందుకు గాక నేల మీద పరుగెత్తేందుకు పుట్టినవి. అడుగు భాగములో స్విచ్చి కోసము రంధ్రాలు ఉంటాయి. పిల్లల చేతిలో విరగకుండుటకు పట్టుకొమ్ములను విడిగా చేయక, ఒంటికే అతికినట్లు గట్టిగా పోస్తారు. పక్కరేకులు ఒక మిల్లీమీటరు మందము. చూచుటకు పలుచగానే ఉంటాయి. ముప్పై ఐదుతో హెచ్చవేయండి: అసలు ట్యాంకుకు మూడున్నర సెంటీమీటర్ల మందపు దిమ్మెలు వ్రేలాడదీసినట్లు లెక్క!

సవరణ ప్రారంభించాము. పాత గుర్తింపు కార్డులను కత్తిరించి అడుగు రంధ్రాలు మూశాము. పట్టుకొమ్ములను బ్లేడుతో చెక్కివేసి, పాత టెలిఫోను తీగలోని రాగి పోచలను వంచి అమర్చాము. అవే పోచలను మూడింటిని పేని లాగుడు తాడు చేశాము. ప్లాస్టిక్ భాగాలను పట్టి ఉంచే కాడను కొవ్వొత్తి సెగకు చూపి మెల్లగా లాగితే వెంట్రుకవంటి దారము వస్తుంది. దానిని పలకల అతుకుల వెంట అంటించి, జిగురుతో మెత్తబరచి, గోటితో నొక్కితే వెల్డింగు గీత సిద్ధము. శీతల పానీయపు డబ్బా రేకుతో కొత్త పక్కరేకులు కత్తిరించాము. ఫిరంగి మొదలున ఉండే కాన్వాసు తొడుగుకు, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపిన పలుచని కాగితము చక్కగా ముడతలు పడింది. దుమ్ము కోసము వెతుక్కోనక్కరలేకపోయింది. మా తరగతి గదిలోని సుద్దపొడి ఉండనే ఉన్నది.

ఈ పని మాకు కొత్తగా తోచలేదు. వ్రాతప్రతిని పరిష్కరించుట వంటిదే ఇది. లేఖకుడు ఎక్కడ విడిచాడు, ఎక్కడ కలిపాడు, ఎక్కడ అర్థము కాక తనకు తెలిసిన మాట వేశాడు అని చూచుకుంటూ పోవుటే. అయితే పరిష్కర్తకు ఒక ప్రలోభము ఉంటుంది. ఖాళీ కనబడగానే తన కవిత్వము అక్కడ పెట్టవలెననిపిస్తుంది. దానినే మనము ప్రక్షిప్తము అంటాము. ఆ తప్పు మేము చేయబోమని నమ్మి ఉన్నాము.

పని సగమైన తరువాత బొమ్మను మామూ చేతికిచ్చాము. ఆయన దానిని ఒడిలో పెట్టుకొని, కుడిచేతి వేళ్లు నెమ్మదిగా నడిపారు. ముందు భాగము, పక్కలు, వెనుక భాగము దాటి, ఫిరంగిని మోస్తూ తిరిగే పైగోపురము వద్ద వేళ్లు ఆగాయి.

"ఇది నున్నగా ఉన్నదేమి?"

"ప్లాస్టిక్ గదా మామూ."

"కింది భాగము పలకలు, అది నున్నగానే ఉంటుంది. ఇది పోతపోసినది. దీని మీద అరచేయి పెడితే బత్తాయి తొక్క మీద పెట్టినట్లు ఉండాలి."

మేము ఎన్నో ఫొటోలు చూచాము. ఒక్కదానిలోనూ ఇది గమనించలేదు. ఆ రాత్రి పుట్టీని జిగురుతో పలుచన చేసి, పాత టూత్‌బ్రష్షుతో పైగోపురము మీద పొడిచి పొడిచి అద్దాము. మరునాడు మామూ తడిమి, "ఆఁ, ఇప్పుడు ఉక్కు" అన్నారు.

అప్పటి నుండి ప్రతి ఆదివారము పరీక్ష జరిగేది. "రంగు ఎక్కడ చెరిపావు?" అని ఆయన అడిగారు. అంచులన్నిటి మీదా చెరిపామని గర్వముగా చెప్పాము. "మనుషులు ఎక్కే చోట పోతుంది గాని అన్నిచోట్లా ఎందుకు పోతుంది? నువ్వు ఎటు నుంచి ఎక్కుతావు? కాలు ఎక్కడ పెడతావు? చేయి దేనిని పట్టుకుంటుంది?" అన్నారు. సామాను పెట్టెల మూతలు అంత సరిగా మూసుకోవనీ, రోజుకు పదిసార్లు తెరిచి మూసి, పైన కూర్చుని, అవి సొట్టలు పడతాయనీ చెప్పారు. మేము ట్యాంకును చూస్తున్నాము. ఆయన ట్యాంకు చుట్టూ తిరిగే మనుషులను చూస్తున్నారు.

ఇంతలో కళాశాల వార్షిక ప్రదర్శన దగ్గరపడింది. మా బొమ్మనూ ఉంచవలెనని కమిటీవారు ఆదరముతో కోరారు. మాకు ఉత్సాహము మితిమీరింది. 1971 డిసెంబరు 16న బసంతర్ యుద్ధములో, మండుతున్న ట్యాంకును విడువక పోరాడి ప్రాణమర్పించిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ కథ విద్యార్థులకు తెలిసినదే. పూనా హార్స్ దళానికి చెందిన ఆయనకు అప్పుడు 21 యేళ్లు. మరణానంతరము పరమవీరచక్ర లభించింది. ఆయన ట్యాంకు సెంచూరియనే, పేరు ఫామగుస్తా. మా బొమ్మను ఆ ట్యాంకుగా చేయదలచాము. సూదిని ఎర్రగా కాల్చి, పైగోపురము పక్కన గుండు దెబ్బకు గుర్తుగా ఒక రంధ్రము పొడిచాము. అంచు కరిగి, బయటకు ఉబ్బి, అచ్చముగా ఉక్కు చిట్లినట్లే వచ్చింది. చుట్టూ మసి పూశాము. అంతవరకు మేము చేసిన పనులన్నిటిలో అదే మిన్న అని మాకు తోచింది.

ఆదివారము వచ్చింది. మామూ వేళ్లు ఎప్పటివలెనే నడిచాయి. బత్తాయి తొక్క మీదుగా పోతూ పోతూ చూపుడువేలు ఆ రంధ్రములో ఆగింది. ఆయన చేయి వెనుకకు తీసుకున్నారు. చాలాసేపు మాట్లాడలేదు.

"లోపల ఎంతమందిని పెట్టావు?" అని అడిగారు.

"ఎవరూ లేరు మామూ. లోపల ఖాళీ."

"ఖాళీ బండికి రంధ్రమెందుకు బేటా?"

మాకు మాట తోచలేదు. కొంతసేపటికి ఆయనే చెప్పారు. ఆ యుద్ధములో ఆయన పని, దెబ్బ తిన్న బండ్లను వెనుకకు లాగించి, మరమ్మతు చేసి, మళ్లీ ముందుకు పంపుట. "ఒకటి వచ్చింది. బయట ఇంత చిన్న రంధ్రము. దానిని వెల్డింగుతో మూయడానికి అరగంట పట్టలేదు. లోపల కడగడానికి ఇద్దరము రెండు రోజులు కడిగాము. మూడవ రోజు కొత్త కుర్రవాళ్లు నలుగురు వచ్చి, సంతకము చేసి, తీసుకొని పోయారు. వాళ్లకు మేము ఏమీ చెప్పలేదు." అంతే. కొడుకు ప్రేమతో తెచ్చిన పెట్టె మూత ఇన్నేళ్లూ ఎందుకు తెరవలేదో మేము అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆ రాత్రి పుట్టీతో రంధ్రము పూడ్చాము. మసి కడిగివేశాము. ఆరిన తరువాత మళ్లీ టూత్‌బ్రష్షుతో అద్దాము. ఎంత అద్దినా ఆ చోటు తక్కిన భాగముతో పూర్తిగా కలియలేదు. నేటికీ వెలుతురుకు అడ్డముగా పెట్టి చూస్తే తెలుస్తుంది. దానిని మేము అట్లాగే ఉంచాము. ఫామగుస్తా అన్న పేరూ వ్రాయలేదు. ఒక వీరుని త్యాగము మా సూదిపోటుతో చూపదగినంత చిన్నది కాదు. ఏ కవి వ్రాసినదో తెలియని పద్యానికి మహాకవి పేరు తగిలించరాదని తరగతిలో చెప్పేది మేమే గదా!

తరువాతి ఆదివారము మామూ తమంతట తామే బొమ్మను అడిగారు. పూడ్చిన చోట వేలు ఒక్క క్షణము నిలిచి, ముందుకు సాగింది. "లోపల చాయ్ కాచుకునే పాత్ర ఒకటి ఉంటుంది. బండిలోని కరెంటుతోనే నీళ్లు మరుగుతాయి. ఇంగ్లీషువాళ్లు వేరే ఏది మరచినా అది మరువలేదు" అని నవ్వారు. చలికాలపు తెల్లవారుజామున మరమ్మతు చేసేవారికి కూడా ఆ పాత్రలోని నీళ్లే ఇచ్చేవారట. బ్రిటిషు ట్యాంకులలో ఆ పాత్ర సెంచూరియన్‌తోనే ప్రవేశించినదని మేము పిమ్మట చదివాము. ప్లాస్టిక్ ముక్కను చెక్కి, బియ్యపు గింజంత పాత్ర చేసి, పై మూత ఒకటి తెరిచి, లోపల అమర్చాము. వంగి చూస్తే తప్ప కనబడదు.

ప్రదర్శనలో బొమ్మ ముందు అట్ట మీద ఏదైనా వీరవాక్యము వ్రాయుమని కమిటీ పెద్దలొకరు సూచించారు. ఆయన మాట మీద గౌరవముతోనే మేము మూడు ముక్కలు మాత్రము వ్రాశాము: "సెంచూరియన్ ట్యాంకు. అసలులో ముప్పై ఐదవ వంతు. లోపల నలుగురు ఉంటారు." ఆ పెద్దమనిషి చదివి, కొంచెము ఆగి, మరొకసారి చదివి, "ఉండనీయండి" అన్నారు.

ఇంటర్మీడియెట్ విద్యార్థిని ఒకతె గాజుపెట్టె మీదికి వంగి, "సార్, లోపల ఏదో చిన్న డబ్బా ఉన్నది!" అన్నది. చాయ్ పాత్ర అని చెప్పాము. ఆమె ఫిరంగి పొడవు అడగలేదు. ఎన్ని ట్యాంకులను కూల్చిందని అడగలేదు. "అయితే నలుగురికీ ఒకే పాత్రనా సార్?" అని అడిగింది.

సాయంకాలము ఈ సంగతి మామూతో చెప్పాము. ఆయన చాలాసేపు నవ్వి, "ఆ అమ్మాయికి చెప్పు, అప్పుడప్పుడు ఐదవవాడు కూడా తాగేవాడని" అన్నారు.

ఆమెకు ఆ మాట ఇంకా చెప్పలేదు. ఈ సంచిక చేతికి వచ్చినప్పుడు ఆమె ఇక్కడ చదువుకోగలదని ఆశిస్తున్నాము.