పొరుగు కౌంటీలో దొరికిన పెళ్ళి కాగితం

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో హాడ్జెన్‌విల్ అనే చిన్న పట్టణం ఉన్నది. దానికి చేరువలో ఒక గుట్టమీద గ్రానైటు రాతి మందిరం కనిపిస్తుంది. దానికి 56 మెట్లు. అబ్రహాం లింకన్ బ్రతికిన సంవత్సరాలు ఎన్నో, ఆ మెట్లు అన్ని. మందిరం లోపల దుంగలతో కట్టిన ఒంటిగది ఇల్లు. 1911లో ఈ కట్టడాన్ని జాతికి అంకితం చేసినప్పుడు లింకన్ పుట్టిన ఇల్లు ఇదేనని జనం నమ్మారు. ఈ శతాబ్దంలో శాస్త్రజ్ఞులు ఆ దుంగలలోని వలయాలను పరిశీలించి, అవి 1840ల నాటివని తేల్చారు. లింకన్ పుట్టినది 1809లో.

రాతి మందిరం చెప్పలేకపోయిన నిజాన్ని ఆ చుట్టుపట్లనే ఒక పాత కాగితం చెప్పగలిగింది. అది దేశాధ్యక్షుడి కాగితం కాదు. ఆయన తండ్రి థామస్ లింకన్‌ది. థామస్ వడ్రంగి, రైతు. సంతకం మాత్రం ఎలాగో చేయగలిగిన మనిషి. పందొమ్మిదవ శతాబ్దపు పల్లెటూరి పూర్వీకుల జాడ తీసేవారికి ఎదురయ్యే చిక్కులన్నీ ఈ ఒక్కడి కథలోనే ఉన్నాయి.

మొదటి చిక్కు జ్ఞాపకాలది. థామస్ తండ్రి పేరు కూడా అబ్రహామే. ఆయన వర్జీనియా నుంచి కెంటకీకి వలస వచ్చి, 1786లో పొలంలో పని చేసుకుంటూ ఆదివాసుల తుపాకి గుండుకు బలి అయ్యాడు. థామస్ అప్పటికి పసివాడు. ఆస్తి పెద్దకొడుకు మొర్దెకైకి దక్కింది. థామస్ చదువుకు నోచుకోక కూలి పనులు చేస్తూ పెరిగాడు. ఇంటి పెద్ద పోవడంతో వంశం కథ చెప్పే నోరు మూతపడింది.

అందుకే 1848లో, పార్లమెంటు సభ్యుడుగా ఉన్న రోజులలో, లింకన్ తన ఇంటిపేరు గలవారికి ఉత్తరాలు వ్రాశారు. ఒకరు మాసచూసెట్స్‌లోని హింగమ్‌లో, మరొకరు వర్జీనియాలోని రాకింగ్‌హామ్ కౌంటీలో ఉన్నారు. తాత మరణించిన సంవత్సరం కూడా ఆయనకు సరిగా తెలియదు, 1784 అనుకున్నారు. పూర్వీకులు పెన్సిల్వేనియా నుంచి వచ్చిన క్వేకర్లని మాత్రం విని ఉన్నారు. హింగమ్‌వారితో చుట్టరికం కలపబోతే పేర్ల పోలిక తప్ప మరేమీ తేలలేదని 1859లో వ్రాసుకున్నారు.

ఆ పోలికే అసలు ఆధారమని తరువాతివారు నిరూపించారు. 1637లో ఇంగ్లండు నుంచి వచ్చి హింగమ్‌లో స్థిరపడిన శామ్యూల్ లింకన్‌కు అధ్యక్షుడు ఏడవ తరంవాడు. శామ్యూల్ కుమారుడు మొర్దెకై, అతని కుమారుడూ మొర్దెకై. అదే పేరు థామస్ అన్నగారిది. సంతతి పెన్సిల్వేనియాకు, వర్జీనియాకు, కెంటకీకి తరలిపోయినా పేరు మాత్రం వెంట నడిచింది.

రెండవ చిక్కు భూమిది. కెంటకీలో పొలాల హద్దులను ఈ చెట్టు నుంచి ఆ వాగు దాకా అంటూ వ్రాసుకొనేవారు. చెట్టు కూలితే హద్దు పోయేది. ఒకే నేలకు ఇద్దరు ముగ్గురు హక్కుదారులు లేచేవారు. థామస్ కెంటకీలో సంపాదించిన మూడు పొలాలకూ హక్కుల తగాదాలే వచ్చాయి. చివరకు 1816లో ఇండియానాకు వెళ్ళిపోయాడు. అక్కడ ప్రభుత్వమే నేలను చదరాలుగా కొలిపించి అమ్మేది. అయితే చరిత్రకారుడికి ఆ తగాదాలే పెన్నిధి. సుఖంగా బ్రతికిన రైతు వెనుక ఏ కాగితమూ మిగలకపోవచ్చు. థామస్ పడిన కష్టాలు కోర్టు దస్తావేజులలోను, పన్నుల లెక్కలలోను, క్రయపత్రాలలోను నిలిచిపోయాయి.

మూడవ చిక్కు అన్నిటికన్నా సున్నితమైనది. తన తల్లి నాన్సీ హాంక్స్‌ను తండ్రి 1806లో వివాహం చేసుకున్నాడని 1860లో లింకన్ వ్రాశారు. కాని థామస్ కాపురమున్న హార్డిన్ కౌంటీ రికార్డులలో ఆ పెళ్ళి కనిపించలేదు. నాన్సీ మరణించిన తరువాత, 1819లో అతడు చేసుకున్న రెండవ పెళ్ళి మాత్రం అక్కడ ఉన్నది. గిట్టనివారికి ఇంతకన్న ఏం కావాలి? ఆ దంపతులకు అసలు పెళ్ళే కాలేదన్న పుకారు బయలుదేరింది.

నిజానికి కాగితం పోలేదు. వెదికిన చోటే తప్పు. నాన్సీ పెళ్ళినాటికి వాషింగ్టన్ కౌంటీలో బంధువుల ఇంట ఉండేది. పెళ్ళి వధువు ఇంట జరగడం ఆనవాయితీ. కనుక దాఖలా కూడా ఆ కౌంటీలోనే పడింది. హాడ్జెన్‌విల్ నుంచి తూర్పుగా సుమారు గంటసేపు కారులో వెళితే దాని ముఖ్యపట్టణం స్ప్రింగ్‌ఫీల్డ్ వస్తుంది. 1816లో కట్టిన ఇటుకల న్యాయస్థానం ఇప్పటికీ అక్కడ నిలిచి ఉన్నది. 1806 జూన్ 10న థామస్ సంతకం చేసిన 50 పౌన్ల పూచీకత్తు పత్రమూ, జూన్ 12న పెళ్ళి జరిపించానని జెస్సీ హెడ్ అనే ఫాదరీ ఇచ్చిన జాబితా ఆ కౌంటీ కాగితాలలో దొరికాయి. దొరికినది 1878లో.

తల్లి కీర్తికి పట్టిన మచ్చ ఆ రోజుతో తుడిచిపెట్టుకుపోయింది. కాని కొడుకు హత్యకు గురై అప్పటికి 13 సంవత్సరాలు గడిచాయి.

ఇండియానాలోని అడవి అంచున నాన్సీ సమాధి ఉన్నది. విషపు మొక్కను మేసిన ఆవుల పాలు త్రాగినందువల్ల వచ్చే జబ్బుతో 1818లో ఆమె కన్నుమూసింది. అప్పటికి కొడుకు వయస్సు తొమ్మిదేళ్ళు. శవపేటిక చేసినది వడ్రంగి అయిన భర్తే. ఆ సమాధి తలాపున పేరు చెక్కిన రాయి నిలిచినది 1879లో, అంటే పెళ్ళి కాగితం వెలుగు చూసిన మరుసటి యేడు.

హాడ్జెన్‌విల్ మెట్లు ఎక్కే యాత్రికులకు దుంగల ఇల్లు ఒక బొమ్మగానే మిగులుతుంది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మాత్రం, అక్షరాలతో తంటాలు పడిన ఒక పల్లెటూరి వడ్రంగి పెళ్ళికి రెండు రోజుల ముందు కష్టపడి చేసిన సంతకమే అతని ఇల్లాలి పరువును నిలబెట్టింది.