తాహో నడినీళ్ళ మీద 22 మైళ్ళు

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగువాళ్ళకి లేక్ తాహో అంటే మంచు. డిసెంబరు సెలవుల్లో పులిహోర డబ్బాలూ పిల్లల స్నో బూట్లూ కారులో సర్దుకుని, దారిలో టైర్లకి చెయిన్లు వేయించుకుని కొండెక్కుతాం. రెండు రోజులు మంచులో ఆడి దిగొస్తాం. వేసవిలో వెళితే ఎమరాల్డ్ బే దగ్గర కారు ఆపి ఫోటో దిగుతాం. ఆ నీళ్ళ మీద బోర్డెక్కి నిలబడి, తెడ్డేసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళే మనుషులున్నారని నాకు చాలా ఏళ్ళు తెలియదు. తెలిసిన దగ్గర్నుంచీ నా ఏడాదంతా అలా సరస్సు దాటే ఒక్క పోటీ చుట్టూనే తిరుగుతోంది.

కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులో సియెర్రా నెవాడా కొండల మధ్య, సముద్ర మట్టానికి 6,225 అడుగుల ఎత్తున ఉంది తాహో. పొడవు 22 మైళ్ళు, వెడల్పు 12. బాగా లోతైన చోట 1,645 అడుగులు. అరవైకి పైగా వాగులు వచ్చి ఇందులో కలుస్తాయి. బయటికి పోయే ఏరు మాత్రం ట్రకీ ఒక్కటే. అదీ సముద్రం మొహం చూడదు, నెవాడా ఎడారిలోని పిరమిడ్ లేక్‌లో కలిసి ఆగిపోతుంది. ఇక్కడి మూలవాసులైన వాషో తెగవారికి ఈ సరస్సు తమ లోకానికే నడిబొడ్డు. మేం పోటీ అని వెళ్ళే చోటు వాళ్ళకి పూజనీయమైన చోటు. ఆ సంగతి నేను ఎప్పుడూ మనసులో పెట్టుకునే దిగుతాను.

బోర్డు మీద నిలబడి తెడ్డేసే విద్య మనకి హవాయి నుంచి వచ్చింది. దానికన్నా ముందు నుంచీ ఉన్నది బోర్డు మీద బోర్లా పడుకునో, మోకాళ్ళ మీద కూర్చునో చేతులతోనే నీళ్ళు తోసుకుంటూ పోవడం. 1932లో టామ్ బ్లేక్ అనే సర్ఫరూ, మరో ఇద్దరూ అలాగే కాలిఫోర్నియా తీరం నుంచి కాటలీనా దీవికి సముద్రం దాటారు. ఇప్పటికీ దూరపు పోటీల్లో ఈ రెండు రకాల వాళ్ళూ కలిసి దిగుతారు. నాది తెడ్డు. 14 అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న కార్బన్ బోర్డు.

మాది కోనసీమ. గోదావరి పాయ పక్కనే పుట్టి పెరిగినా, ఆడపిల్లలం రేవులో మోకాటి లోతు దాటడానికి వీల్లేదు. ఈత నేర్చుకున్నది నలభై దాటాక, ఫ్రీమాంట్‌లో ఒక కొలనులో, నా కూతురి వయసు టీచరు దగ్గర. తరవాత ఫాస్టర్ సిటీ లాగూన్‌లో బోర్డు ఎక్కాను. ఫోన్‌లో అమ్మకి చెబితే, “నడినీళ్ళలో నుంచోవడం ఏమిటే తల్లీ!” అంది. వివరమంతా విన్నాక అడిగిన మొదటి ప్రశ్న, “పక్కన పడవ ఉంటుందా?” అని. నది ఒడ్డున బతికిన మనిషి కదా, సరిగ్గా అడగాల్సిందే అడిగింది. ఉంటుంది. పడవల తోడు లేకుండా ఇంత దూరపు పోటీ ఎవరూ పెట్టరు.

దక్షిణపు ఒడ్డు నుంచి ఉత్తరానికి వెళ్ళడంలో కిటుకంతా గాలిది. తెల్లవారుజామున తాహో కదలకుండా ఉంటుంది. ఎండెక్కి కొండలు వేడెక్కాక, మధ్యాహ్నానికి నైరుతి గాలి లేస్తుంది. ఉత్తరానికి పోయేవాళ్ళకి అది వెనక నుంచి సాయం చేస్తుంది గానీ, అదే సమయంలో కుడివైపుకి, నెవాడా ఒడ్డు మీదికి నెడుతూ ఉంటుంది. ముక్కు తిన్నగా నిలవాలంటే కుడివైపే మళ్ళీ మళ్ళీ తెడ్డు వేయాలి. అందుకే చీకటి ఉండగానే ఒడ్డుకి చేరి, వెలుగు రాగానే బయల్దేరతాం. గాలి ముందే లేచేలా ఉంటే దూరం తగ్గిస్తారు. అప్పుడు ఎవరూ గొణగరు.

తెడ్డు వేయడం చూడ్డానికి చేతుల పనిలా ఉంటుంది గానీ, నడుమూ పొట్టా చేసే పని అది. నడుం నుంచి వంగి, తెడ్డుని ముందుకి చాచి, దాని పలక పూర్తిగా మునిగాకే బరువు వేయాలి. తెడ్డు నాటిన చోటికి బోర్డుని తెచ్చుకుంటున్నామని అనుకోవాలి. పాదాల దగ్గరికి రాగానే పైకి తీసెయ్యాలి. ఇంకా వెనక్కి లాగితే బోర్డు వెనక భాగం నీళ్ళలోకి దిగబడుతుంది తప్ప ముందుకి పోదు. అంత ఎత్తులో గాలి పలచన. సముద్ర మట్టం దగ్గర తేలిగ్గా సాగే వేగం ఇక్కడ పావుగంటకే రొప్పిస్తుంది. రెండు గంటలయ్యేసరికి అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆగకుండానే కాలివేళ్ళు ముడిచి విప్పుతూ పోవాలి. వీపు సంచిలోంచి వచ్చే గొట్టంతో నీళ్ళు తాగడమూ తెడ్డుకీ తెడ్డుకీ మధ్యనే.

ఒడ్డు దగ్గర అడుగున గులకరాళ్ళు కనిపిస్తాయి. కాస్త లోపలికి పోయాక ఆకుపచ్చ, దాన్ని దాటాక నీలం. నడిమధ్యకి వచ్చేసరికి చిక్కటి సిరా రంగు. ఎంత తెడ్డేసినా ఎదురుగా ఉన్న కొండ దగ్గరికి రాదు. అప్పుడు చాలామంది జట్టు కడతారు. ముందు బోర్డు తోకకి అడుగు దూరంలో మన ముక్కు పెడితే, అది చీల్చిన నీళ్ళు మనల్ని లాక్కుపోతాయి. కొన్ని నిమిషాలయ్యాక ముందున్న మనిషి పక్కకి తొలిగి వెనక్కి వస్తుంది, రెండో మనిషి ముందుండే బాధ్యత తీసుకుంటుంది. పేరు కూడా తెలియని ముగ్గురు ఆడవాళ్ళతో అలా నడి సరస్సు దాటాను. మాటల్లేవు. “మారదామా?” అన్న ఒక్క కేక తప్ప.

నేను ఈ పోటీలో నేర్చుకున్నదాంట్లో అన్నిటికన్నా విలువైనది మాత్రం ఒడ్డు మీదే నేర్చుకున్నాను. ఏళ్ళ తరబడి నీళ్ళలో బతికిన వాళ్ళు, ఒంటి ఊపిరితో మైలు ఈదగలరేమో అనిపించేవాళ్ళు, లైఫ్ జాకెట్ బెల్టు నడుముకి బిగించి, తాడు లాగగానే దాన్ని ఉబ్బించే గ్యాస్ సీసా సరిగా ఉందో లేదో బయల్దేరే ముందు మళ్ళీ చూసుకుంటారు. బోర్డుకీ కాలికీ మధ్య తాడు కట్టుకుంటారు. నీళ్ళలో పడ్డా, గాలికి బోర్డు కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది ఆ తాడే. ఈత, సర్ఫింగ్ హద్దులు దాటాక మేం ఎక్కే ఈ పాడిల్‌బోర్డు కూడా పడవతో సమానమని అమెరికా కోస్ట్ గార్డ్ 2008లోనే తేల్చింది. అంటే దాని మీద లైఫ్ జాకెట్ ఉండి తీరాలి. 13 ఏళ్ళలోపు పిల్లలైతే ఒంటి మీద వేసుకునే ఉండాలి.

ఎందుకింత అంటే, తాహోలో ప్రాణం తీసేది లోతు కన్నా చలి. నడి వేసవిలో పైనీళ్ళు ఈతకి హాయిగానే ఉంటాయి. నాలుగు రోజులు గట్టి గాలి వీస్తే పడమటి ఒడ్డున ఆ నీళ్ళు పక్కకి నెట్టుకుపోయి, అడుగునున్న చన్నీళ్ళు పైకి వస్తాయి. జూన్‌లోనైతే గాలి లేకపోయినా చలే. మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీనికి 1-10-1 అనే లెక్క చెబుతారు. చన్నీళ్ళలో పడ్డాక ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ మాట వినేది 10 నిమిషాలు, స్పృహ నిలిచేది సుమారు ఒక గంట. ఈత వచ్చినవాళ్ళు కూడా ఆ మొదటి నిమిషంలోనే నీళ్ళు మింగి మునిగిపోవచ్చు. ఆ నిమిషం తల పైన ఉంచేది జాకెట్టే. 2025 జూన్ 21న ఇదే తాహోలో హఠాత్తుగా గాలివాన లేచి ఒక మోటారు పడవ తిరగబడింది. అందులో ఉన్న 10 మందిలో 8 మంది పోయారు.

అమెరికాలో ఏదో ఒక సరస్సులో, ఏదో ఒక జలపాతం దగ్గర మన పిల్లలు మునిగిపోయారన్న వార్త లేకుండా వేసవి గడవడం లేదు. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన 23, 24 ఏళ్ళ పిల్లలు. కాలవల్లో ఈదినవాళ్ళు, అసలు ఈత రానివాళ్ళు కూడా. శవాన్ని ఇంటికి పంపడానికి మనమే చందాలు వేస్తాం, మనమే ఎయిర్‌పోర్టుకి వెళతాం. నీళ్ళ దగ్గరికి వెళ్ళొద్దని చెబితే ఆ వయసు వినదు, వినాల్సిన పనీ లేదు. ఆ నీళ్ళ మీద ఉండే ఆనందం నాకు తెలుసు, నేను ఎవరినీ వద్దనను. ఎలా వెళ్ళాలో చెప్పేవాళ్ళం మాత్రం మనలో తక్కువ.

ఈ వేసవిలో తాహో వెళితే బోర్డు అద్దెకి తీసుకోండి. మీ సొంత బోర్డైతే, వేరే నీళ్ళలోని ఆల్చిప్పల పిల్లలు తాహోలోకి చేరకుండా ముందే కడిగి, నీళ్ళు వంపి, ఆరబెట్టి తీసుకెళ్ళండి. పొద్దున్నే దిగండి, గాలి లేవకముందే ఒడ్డుకి రండి. జాకెట్‌ని బోర్డుకి కట్టకండి, ఒంటికి కట్టుకోండి. ఈ మధ్యే దేశం నుంచి వచ్చిన మేనల్లుడో, స్నేహితుడి తమ్ముడో మీ వెంట ఉంటే, ముందు వాడికి తొడగండి.