రుచి చూడని వంట

మా ఇంటి పోపులపెట్టె ఇత్తడిది. అందులో ఏడు గిన్నెలు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిరప తుంపులు, పసుపు. ఇంగువకు అందులో స్థానం లేదు. తన గంధాన్ని తక్కిన ఆరింటికీ అంటించే స్వభావం గలది కనుక దానికి వేరే చిన్న డబ్బా. మా తల్లిగారు అత్తవారింటికి వచ్చిననాడు ఆమె చేతికి అందిన పెట్టె అది. యాభై ఏళ్లకు పైగా ఆమె చేతిలోనే ఉన్నది. ఆ చేతి నుండి అది ఎలా జారిపోయిందో చెప్పుకొనడానికే ఈ వ్యాసం.

పోపు అనునది చూడడానికి అల్పకార్యం. కానీ అందులో క్రమభంగానికి తావు లేదు. నూనె కాగిన తరువాత ముందుగా పప్పులు, అవి ఎర్రబడుతుండగా మెంతులు, పిమ్మట ఆవాలు, ఆవాలు చిట్లడం తగ్గుముఖం పట్టగానే జీలకర్ర, ఎండుమిరప, చివర ఇంగువ, దించబోతూ కరివేపాకు. మెంతులు ఒక్క క్షణం ఎక్కువ వేగితే పప్పంతా చేదు. ఆవాలు చిట్లకపోతే మరొక విధమైన చేదు. ఆ ఆవగింజనే పచ్చిగా నూరి, చల్లారిన పులిహోరలో కలిపితే ముక్కుపుటాలు అదిరే ఘాటు. వేడి అన్నంలో కలిపితే ఆ ఘాటు నిలువదు. ఒకే గింజ సంస్కారభేదాన్ని బట్టి రెండు రుచులను ప్రకటిస్తుంది. గోదావరి ప్రాంతాన ఆవపెట్టిన పులిహోర వండే ఇల్లాండ్రకు ఇది చెప్పవలసిన పని లేదు.

సాధకులలో కొందరు సాత్త్వికాహారమనగా చప్పిడి తిండియని భావించి పోపులపెట్టెనే అనుమానదృష్టితో చూస్తుంటారు. శ్రీమద్భగవద్గీత పదునేడవ అధ్యాయంలో కారం, పులుపు, ఉప్పు మొదలైనవి రాజసాహారంలో చెప్పబడిన మాట నిజమే. అయితే అక్కడ వచ్చే ‘అతి’ అనే శబ్దాన్ని ఆ పట్టికలోని ప్రతి పదానికీ అన్వయించుకోవాలని శంకరభగవత్పాదులు భాష్యంలో స్పష్టం చేశారు. నింద అతికే గాని రసానికి కాదు. సాత్త్వికాహార లక్షణాలలో రస్యత్వం మొదట చెప్పబడినదన్న సంగతి చప్పిడివాదులు మరచిపోతారు. ఈ విషయంలో మా తల్లిగారికి భాష్యం అవసరం కాలేదు. ఆమె వంటలో ఏ రసమూ తక్కినదాని మీద పెత్తనం చేసేది కాదు.

ఇందులో ఆశ్చర్యమేమనగా, ఆమె వండుతూ ఏనాడూ రుచి చూసినది లేదు. పండుగనాడే కాదు, నిత్యమూ ఇంట వండినదంతా దేవునికి నివేదన అయిన పిదపనే విస్తళ్లలోకి వచ్చేది. నివేదనకు ముందు నాలుక తాకితే అది ఉచ్ఛిష్టం. పోపు ఘుమఘుమలు లేచే వేళ ఆమె ముఖం పక్కకు తిప్పుకొనడం నాకు బాల్యం నుండి గుర్తు. పొగకు అలా చేస్తున్నదనుకొనేవాడిని. వాసనతో అనుభవించినా అది భోగమే గదా అన్నది ఆమె భావమని ఎంతో కాలానికి తెలిసినది. మరి పాకం కుదిరినదీ లేనిదీ ఎలా తెలిసేది? చిటపటల శబ్దాన్ని బట్టి, పప్పు రంగును బట్టి, చేతిలో ఉప్పు బరువును బట్టి. ఆ అరచేయే ఆమెకు తరాజు.

ఆమెకు డెబ్బదియెనిమిదవ ఏట వచ్చిన విజయదశమినాడు మా ఇంటికి నా సహోద్యోగులు కొందరు భోజనానికి వచ్చారు. అమ్మవారికి పులిహోర నివేదన అయినది. విస్తరిలో మొదటి ముద్ద నోట పెట్టగానే నాకు విషయం బోధపడినది. ఉప్పు రెండుమార్లు పడినది. అతిథులు మర్యాదకు మౌనంగా మజ్జిగ అడిగి పోయించుకొంటున్నారు. నాకు తల కొట్టేసినట్లయినది. వారందరి ఎదుటనే, “ఒక్క మెతుకు నోట్లో వేసుకొని చూస్తే ఏం పోయేదమ్మా?” అన్నాను. అనవలసిన దానికన్నా గట్టిగానే అన్నాను.

“అమ్మవారి కంటె ముందు నేనెలా తింటాను నాయనా?” అన్నది. ఆ మాటలో కోపం లేదు, సంజాయిషీ కూడ లేదు.

మరునాడు ఉదయం ఆమె పోపులపెట్టెను తుడిచి, గిన్నెలు నింపి, నా భార్య చేతికిచ్చినది. “ఇక నువ్వు చూసుకో అమ్మాయ్” అన్నదట. నేను కార్యాలయానికి వెళ్లిపోయాను. వయసు మీద పడినది, విశ్రాంతి తీసుకొంటున్నది అనుకొన్నాను. అట్లా అనుకొనడం నాకు సుఖంగా కూడ ఉన్నది.

నాలుగైదు నెలల తరువాత ఒకనాడు నా భార్య చారుకు పోపు పెడుతున్నది. వీధిగుమ్మం వరకు ఇంగువ గుబాళింపు. పొయ్యికి రెండడుగుల దూరాన కూర్చున్న అమ్మ, “ఇంగువ వేశావా అమ్మాయ్?” అని అడిగినది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నాము. ఆమెకు ఘ్రాణశక్తి ఎప్పుడో సన్నగిల్లినది. చేతికి బరువు కూడ సరిగా తెలియడం లేదేమో. ఎవరికీ చెప్పలేదు. పెట్టిన దానిని పేరు పెట్టకుండా తిని, చేయి కడుగుకొని లేచేది. అలాగే మరి రెండేళ్లు తిని వెళ్లిపోయినది.

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయం చివర ఆహారశుద్ధి వలన సత్త్వశుద్ధి కలుగుతుందని సనత్కుమారుడు నారదునికి ఉపదేశించిన ఘట్టం జిజ్ఞాసువులకు సుపరిచితం. అక్కడ ఆహారమంటే ఏమిటన్న విషయంలో ఆచార్యులకు అభిప్రాయభేదమున్నది. రామానుజాచార్యులు దానిని భుజించే అన్నంగానే గ్రహించారు. జాతిదోషం, ఆశ్రయదోషం, నిమిత్తదోషం లేని అన్నం కావాలన్నది ఆ సంప్రదాయం. ఎంగిలి తగలడం నిమిత్తదోషాలలో ఒకటి. శంకరులు మాత్రం ఇంద్రియాల ద్వారా లోపలికి కొనితెచ్చుకొనేదంతా ఆహారమేనన్నారు. శబ్దాది విషయజ్ఞానం కూడ ఆహారమే. ఈ వాక్యాలను నేను విద్యార్థులకు చాలా ఏళ్లు పాఠం చెప్పాను. మా తల్లి మొదటి అర్థంలో ఆహారాన్ని జీవితాంతం కాపాడినది. రెండవ అర్థంలో ఆ విజయదశమినాడు పదిమంది ఎదుట ఆమె చెవికి నేను వడ్డించినదేమిటో నాకు ఆమె పోయిన పిమ్మటనే అర్థమైనది.

ఈ సంవత్సరం ఆమె తద్దినానికి వారం రోజుల ముందు నా భార్య మెట్ల మీద జారిపడినది. ఎడమ మణికట్టుకు కట్టు వేశారు. వంటస్వామి దొరకలేదు. “నువ్వు పీట మీద కూర్చొని చెప్పు, నేను వండుతాను” అన్నాను. నిత్యపు వంటైనా నాకు సరిగా రాదు, ఇక ఇది శ్రాద్ధపాకం.

ఆనాడు పోపులపెట్టెలో సగం పక్కన పెట్టవలసినదే. మా ఇంటి ఆచారంలో ఇంగువ పనికిరాదు. ఎండుమిరప, పచ్చిమిరప రెండూ నిషిద్ధం. కారానికి మిరియాలు, అల్లమే శరణ్యం. ఆలోచిస్తే ఇది చిత్రమైన విషయం. అమెరికా ఖండాలకు చెందిన మిరపకాయ పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చినది. నేడు గుంటూరు పేరు చెబితే ముందు స్ఫురించేది అదే. అయినను ఆ వెంట వచ్చిన బంగాళదుంప, టమాటాలతో పాటు దానికి కూడ పితృదేవతల పొయ్యి దగ్గరకు మాత్రం ఇంకా అనుమతి దొరకలేదు. తద్దినపు వంటగదిలో ఐదువందల ఏళ్ల వెనుకటి రుచి ఏడాదికొక పూట మేలుకొంటుంది. అరటికాయ, కంద, కాకర, పెసరపప్పు, అల్లం పచ్చడి, గారెలు, పరమాన్నం. పెసరపప్పుకు నేతిలో మిరియాలు, జీలకర్ర వేయించి వేశాను. మిరియం వేగేటప్పుడు మిరపకాయ వలె దగ్గు తెప్పించదు. అది కంఠంలోకి ఆలస్యంగా దిగి, ఆలస్యంగా వెళ్లే కారం.

రుచి చూడరాదు. వండుతున్నంతసేపూ చేతులు వణికాయి. ఉప్పు దోసిట పట్టుకొని అది ఎంత బరువున్నదో తెలియక నిలబడ్డాను. “అమ్మగారు ఎంత వేసేవారో గుర్తున్నదా?” అని నా భార్యను అడిగితే, “చూస్తే గుర్తు పట్టగలను గాని చెప్పలేను, ఇంకొంచెం తగ్గించండి” అన్నది. తగ్గించాను. భయంతో మరికొంచెం తగ్గించాను.

శ్రాద్ధభోక్తలు మౌనంగా భుజించాలని, వంట గుణాలను కర్త అడిగినా చెప్పరాదని మనుస్మృతి శాసనం. విస్తరిలో విడిగా ఉప్పు వడ్డించడం కూడ నిషిద్ధమే. వారి ముఖాలలో ఏమైనా తెలుస్తుందేమోనని చూశాను. ఏమీ తెలియలేదు. పెద్దాయన పప్పు మారు వడ్డించమని చేయి చాపారు. తృప్తి కలిగినదా అని నేను అడగడం, కలిగినదని వారు పలకడం విధిప్రకారం జరిగినది. పిండప్రదానం, కాకబలి అయినవి. వారిని సాగనంపి వచ్చి శేషాన్నానికి మేము విస్తళ్లు వేసుకొనేసరికి మూడు దాటినది.

పప్పులో ఉప్పు లేదు. తక్కువ కాదు, లేనే లేదు. తగ్గించి తగ్గించి, చివరకు చేతిలో మిగిలినది కందలో వేసినట్లున్నాను.

ఎదుట నా భార్య పప్పన్నం కలుపుకొని తింటున్నది. “ఉప్పు…” అన్నాను.

“అల్లం పచ్చడి నంజుకోండి” అన్నది తల ఎత్తకుండా.