గోడ దాటిన వెలుగు

పొన్నూరు హాస్టల్లో రాత్రి పదింటికి లైట్లు ఆర్పేస్తే మేము బయటి మెట్ల మీద చేరేవాళ్లం. నిడుబ్రోలు వైపు రోడ్డు మీది సోడియం దీపం అన్ని వైపులా వెలుగు చిమ్మేది. గోడ దాటి మా పుస్తకాల మీదా పడేది. ఆ పసుపులో నీలిసిరా, నల్లసిరా ఒకేలా కనిపించేవి, అది వేరే సంగతి!

2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత, 2015లో విశాఖ వీధులకు ఎల్ఈడీ దీపాలు పెట్టారు. తర్వాత మన ఊరికీ వచ్చాయి. కరెంటు దాదాపు సగం ఆదా. వెలుగు వృథా కాకుండా రోడ్డు మీదే పడేలా వాటిని తయారుచేస్తారు.

మొన్న వెళ్లి చూశాం. రోడ్డు తెల్లగా మెరుస్తోంది. మెట్లు మాత్రం చీకటి. కొలతలు వేసినప్పుడు అక్కడ కూర్చునేవాళ్లు ఎవరికీ గుర్తు రాలేదేమో.

తమ్ముళ్లూ, పది దాటాక మీరిప్పుడు ఎక్కడ చదువుతున్నారు?