అంజూరపాకు గరుకు

ఆదాము హవ్వల కథ అనగానే అందరూ పండు దగ్గరే ఆగిపోతారండీ. ఆకుల మాట ఎవరూ ఎత్తరు. ఆదికాండము రెండో అధ్యాయం చివర ఆ ఇద్దరూ ఒంటిమీద నూలుపోగు లేకుండా, సిగ్గన్నది ఎరగకుండా తిరుగుతుంటారు. మూడో అధ్యాయంలో పండు తిన్నారు, కళ్లు తెరుచుకున్నాయి. తెరుచుకోగానే చేసిన పనేమిటి? తప్పయిందని మొరపెట్టుకోవడం కాదు, కుట్టుపని! అంజూరపాకులతో కచ్చడాలు కుట్టుకున్నారు.

అంజూరపాకు ఎప్పుడైనా తడిమి చూశారా? పిల్లి నాలుకలా గరుగ్గా ఉంటుంది. తుంచితే కారే పాలు ఒంటికి తగిలి ఎండలో నిలబడ్డామా, మంటే మంట. తోటనిండా అన్ని చెట్లుండగా మెత్తని ఆకే దొరకలేదా? ఈ సందేహం నాకంటే ముందే రెండో శతాబ్దంలో లియోన్ బిషప్పు ఇరేనియస్‌కి వచ్చింది. ఆదాము కావాలనే గుచ్చుకునే ఆకు కట్టుకున్నాడంటాడాయన. చేసినదానికి తనకు తానే వేసుకున్న శిక్షట అది. దేవుడు జాలిపడి, ఆకులు తీయించి చర్మపు చొక్కాయిలు తొడిగించాడు. ఇరేనియస్ లెక్కలో ఆదాము ఇంకా ఎదగని పసివాడు, తేలిగ్గా మోసపోయాడు. ఆదామును ఇలా పసివాడన్న ఆయన చిన్న పుస్తకం శతాబ్దాలపాటు అయిపు లేకుండా పోయి, 1904లో యెరెవాన్‌లో ఆర్మేనియన్ అనువాదంగా బయటపడింది.

ఈలోగా పడమటి చర్చిలో మోగిందంతా మరొకాయన గొంతు. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో బిషప్పు అగస్టీన్, 430లో పోయాడు. ‘దేవుని నగరం’ పద్నాలుగో భాగంలో ఆయన వాదం ఇదీ: మనిషి దేవుడి మాట వినలేదు, అందుకని మనిషి ఒళ్లు మనిషి మాట వినడం మానేసింది. చెయ్యి ఎత్తాలనుకుంటే లేస్తుంది. కామం మాత్రం పిలిస్తే రాదు, వద్దంటే పోదు. ఆ అదుపు తప్పినందుకే సిగ్గు. కాకపోతే మూడుముళ్ల దాంపత్యానికైనా తలుపెందుకు వేసుకుంటారు, అని నిలదీస్తాడు. గడుసువాడే! అయినా నా ఓటు ఇరేనియస్‌కే. అగస్టీన్ సిగ్గునంతా నడుము కిందికి పోగేశాడు.

సిగ్గు చోటు అదొక్కటే కాదని ఒక బొమ్మ చెబుతుంది. ఫ్లోరెన్సులో మజాచ్చో అనే కుర్ర చిత్రకారుడు 1425 ప్రాంతంలో, బ్రాంకాచ్చీ ప్రార్థనాలయం గోడమీద ఆదాము హవ్వలను ఏదెను తోట నుంచి వెళ్లగొట్టడం గీశాడు. హవ్వ చేతులతో ఒళ్లు కప్పుకుని, నోరు తెరిచి ఏడుస్తోంది. ఆదాము రెండు చేతులూ మొహానికే! పొట్ట లోపలికి పీక్కుపోయేలా ఏడుస్తున్నాడు, ఒంటిమీద బట్ట లేదన్న ధ్యాసే లేదు. తప్పు చేసినవాడు ముందు దాచుకునేది మొహాన్నే కదండీ. పదిహేడో శతాబ్దపు పెద్దమనుషులకు ఇది మింగుడుపడక ఇద్దరికీ ఆకులు పూయించారు. 1980ల్లో గోడ బాగుచేసినప్పుడు వాటిని తుడిచేశారు.

తమాషా ఏమిటంటే, బైబిలు ప్రకారం చిత్రకారుడిదీ తప్పే, ఆకులు పూయించినవాళ్లదీ తప్పే. తోట దాటే వేళకు వాళ్ల ఒంటిమీద చర్మపు చొక్కాయిలున్నాయి.