ఇంటి ముందు తంగేడు

యాచారంలో మా కొత్త ఇంటి ముందు కాస్త జాగా మిగిలింది. పడమటి ముఖం, ఎర్రమట్టి. మధ్యాహ్నం మొదలైన ఎండ పొద్దుగూకేదాకా వదలదు. ఫస్టియర్ సంక్రాంతి సెలవుల్లో "గార్డెన్ డిజైన్ నాది" అన్నాను. నర్సరీ నుంచి కార్పెట్ గడ్డి, ఫాక్స్‌టెయిల్ పామ్‌లు, క్రోటన్లు తెచ్చి నాటి, స్టేటస్‌లో ఫొటోలు పెట్టి హాస్టల్‌కి వచ్చేశాను.

ఏప్రిల్‌లో వెళ్తే మా బోరు సన్నగా పోస్తోంది. మోకాళ్ల నొప్పులున్న నానమ్మ పక్కింటి నుంచి బిందెతో నీళ్లు మోస్తోంది.

"ఎందుకు నానమ్మా?"

"నువ్వు పెట్టినయి గదా బిడ్డా. ఎండితే నీ పానం సిన్నవోదా?"

ఆ సాయంత్రం గడ్డంతా నేనే పీకేశాను. ఈసారి ఏం పెడదామని ఆమెనే అడిగాను.

"గుట్ట మీది తంగేడుకు ఎవరు నీళ్లు పోస్తుండ్రు?" అంది.

జూన్ వానలు పడ్డాకే నాటాం. గోడ వారకు కాగితంపూలు. దాని పుట్టిల్లు బ్రెజిల్ వైపే అయినా, వేరు పట్టాక నీళ్లు తక్కువైతేనే బాగా పూస్తుంది. పిల్లలకు అందని మూలన గన్నేరు. విషం కాబట్టి మేకలు ముట్టవు. నడుమ తంగేడు విత్తనాలు. అది మన రాష్ట్ర పుష్పమని నేను జీకే బిట్‌గానే చదివాను.

మరుసటేడు బతుకమ్మకు నానమ్మ గుట్టకు పోలేదు. వాకిట్లోనే పూలు కోసుకుంది.

ఇప్పుడు నర్సరీలో ఏ మొక్క నచ్చినా, రేటు కంటే ముందు నన్ను నేను అడుగుతాను: నేను హాస్టల్లో ఉంటే దీనికి నీళ్లు పోసేదెవరు?